నలికిరి మందు సిద్ధమ్మ

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే బస్సులో ఎవరైనా చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం వేలాడేసుకుని ఎక్కితే, దిగేది గుట్టకిందపల్లెలోనే కదా అని కండక్టరే ముందుగా అడిగేవాడు. ఆ పల్లెకు అంత పేరు తెచ్చింది సిద్ధమ్మ. ఆమెకు చదువు లేదు. మెట్టచేలో వేరుశనగ, రాగి వేసుకుని బతికే కాపుల ఇంటి కోడలు. అయినా చుట్టుపక్కల ఎవరిని తొండ గీరినా, ఉడుము పిల్ల పట్టుకున్నా, నలికిరి కరిచినా ఆమె గడప ఎక్కాల్సిందే.

అన్నిటికంటే భయం నలికిరి అంటేనే. పాములా నున్నగా నిగనిగలాడే ఒళ్ళు, ఉన్నాయో లేవో అన్నట్టుండే పొట్టి కాళ్ళు. రాళ్ళ సందుల్లో, ఎండుటాకుల కింద సర్రున పాకుతుంది. మనిషిని కరవగానే అది నీళ్ళ కోసం పరుగెత్తుతుందనీ, దానికంటే ముందు మనిషి నీళ్ళు తాగితే బతుకుతాడనీ, లేకుంటే పోతాడనీ ఆ పల్లెల్లో గట్టి నమ్మకం. సిద్ధమ్మ పుట్టిల్లు గుడుపల్లె దగ్గర. కుప్పం పక్క తమిళం కలిసిన ఆ ఊళ్ళల్లో ఇదే ప్రాణిని అరణై అనేవాళ్ళు. దానికి మతిమరుపు ఎక్కువనీ, కరవాలని వచ్చి ఎందుకు వచ్చిందో మరిచిపోయి వెనక్కి పోతుందనీ చెప్పుకుని నవ్వేవాళ్ళు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక అదే ప్రాణి పేరు చెప్తే పెద్దవాళ్ళు కూడా గుటకలు మింగడం చూసి, ఒకే పురుగు రెండు తావుల్లో రెండు రకాలుగా ఎట్లుంటుందని సిద్ధమ్మకు అనుమానం రాకపోలేదు. కొత్త కోడలు అడిగే మాట కాదు కనక ఊరుకుంది.

మందు అత్త మారెమ్మది. ఉత్తరేణి ఆకు, మిరియాలు, పేరు బయటపెట్టకూడని ఒక వేరు. నూరి, పసరు తీసి, కొంత తాగించి, కొంత గాయానికి పట్టించాలి. ఆపైన ఆ రాత్రంతా నిద్ర పోనివ్వకూడదు, మర్నాడు ఉప్పు లేని కూడు పెట్టాలి. మారెమ్మ కోడలికి మందుతో పాటు ఒక కట్టడి కూడా అప్పగించింది. కాళ్ళున్న పురుగైతేనే మందు ఇవ్వాలి. కాళ్ళు లేనిదయినా, ఏదో తెలియకపోయినా సరే, మదనపల్లె మిషను ఆసుపత్రికి బస్సెక్కించెయ్యాలి. మారెమ్మ బతికినన్నాళ్ళూ ఆ కట్టడి తప్పలేదు.

అత్త పోయాక సిద్ధమ్మకు ఇంకా పేరొచ్చింది. అత్త మందు ఇచ్చి పంపేసేది, సిద్ధమ్మ విప్పి చెప్పేది. ఊసరవెల్లికి విషం చొంగలో ఉంటుందనేది. బండ మీద కూర్చుని తల ఊపే ఎర్రతొండ కరవక్కర్లేదు, మనిషి వైపు చూసి తల ఊపిందంటే ఒంట్లో రక్తం లాగుతున్నట్టే అనేది. ఉడుము పిల్లకు చీలిన నాలుకలో విషం, పుట్టల్లో ఉండే చారల బల్లికి ఉచ్చలో విషం. చెప్పేటప్పుడు ఆమె గొంతు నిదానమయ్యేది, వినేవాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. కానీ పెళ్ళిళ్ళల్లో ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు, ఆమె తిన్నాకే మిగిలిన ఆడవాళ్ళకు విస్తర్లు వేసేవాళ్ళు. మొగుడు శంకరప్పను ఊళ్ళో చాలామంది సిద్ధమ్మ మొగుడనే పిలిచేవాళ్ళు. ఆయన నెమ్మది మనిషి, నవ్వి ఊరుకునేవాడు.

పక్కింటి కృష్ణమ్మ సిద్ధమ్మకంటే చిన్నది. అక్కా అక్కా అంటూ వెంట తిరిగేది. ఇద్దరి చేలకూ మధ్య ఒకటే రాతి కట్ట. డెబ్భై ఆరులో, వానలకు ముందు, ఆ కట్ట కూలినచోట రాళ్ళు ఎత్తి పేరుస్తున్నారు. కృష్ణమ్మ ఒక రాయి కింద చెయ్యి పెట్టి, అమ్మా అని వెనక్కి లాక్కుంది. కుడిచేతి చూపుడు వేలి మీద రక్తపు బొట్టు. సిద్ధమ్మ పరుగున వచ్చేసరికి ఆ రాళ్ళ మీంచి ఒక నలికిరి జారి గడ్డిలోకి పోయింది.

కృష్ణమ్మ రొప్పుతూ చెప్పింది. "అక్కా, దాన్ని సరిగ్గా సూళ్ళేదు నేను. పొట్టిగా, మందంగా ఉండాది. రంపంతో కోసినట్ల గరగరా సప్పుడు సేసింది."

ఆ మాటకు సిద్ధమ్మ ఆగింది. నలికిరి అట్లా చప్పుడు చెయ్యదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలుసన్నది కూడా ఆ క్షణాన ఆమె మనసుకు తట్టింది. కానీ అప్పటికే పక్క చేలల్లో వాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. నలికిరి పోవడం తను కళ్ళతో చూసింది. ఎండుటాకుల్లో పాకితే చప్పుడు కాకేమి అనేసింది.

కృష్ణమ్మ మొగుడు గోవిందస్వామి మాత్రం నిలవలేకపోయాడు. బస్సు వచ్చే వేళయింది, ఎందుకైనా మంచిది మదనపల్లెకు తీసుకుపోతానన్నాడు. సిద్ధమ్మకు అది తగిలింది. పక్కింటివాడే అట్లంటే ఇంక ఊరేమనుకుంటుంది?

"నా మీద నమ్మకం లేదా గోవిందస్వామీ?" అంది, అందరికీ వినబడేలా.

అతను తల వంచుకుని, "అట్ల గాదులే వదినా" అన్నాడు. బస్సు వాళ్ళు చూస్తుండగానే రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయింది.

పొద్దు గూకేసరికి చెయ్యి మోచేతి దాకా వాచింది. విషం బయటికి లాగుతోంది కాబట్టి వాస్తుందని సిద్ధమ్మ చెప్పింది, ఇంకోసారి పసరు పట్టించింది. తెల్లవారి కృష్ణమ్మ నోరు పుక్కిలిస్తే నీళ్ళు ఎర్రగా వచ్చాయి. పంటి చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది, ఆగడం లేదు. గోవిందస్వామి గడ్డపార తీసుకుని చేలోకి పోయి ఆ రాళ్ళన్నీ పెరికాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతిలో ఒక డబ్బా ఉంది. కృష్ణమ్మను తీసుకుని అతనూ సిద్ధమ్మా మొదటి బస్సెక్కారు.

ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఆయన పేరు జయరత్నం. మిషను కాంపౌండులోనే పుట్టి పెరిగినవాడు. ఆయన కృష్ణమ్మ రక్తం ఒక గాజు గొట్టంలో తీసి కాసేపు నిలబెట్టి, తర్వాత వంచి చూశాడు. గడ్డకట్టాల్సిన రక్తం నీళ్ళలా గొట్టం పొడుగునా జారింది. డాక్టరు దగ్గరికి వేగంగా పోయి చెప్పి వచ్చి, గోవిందస్వామి తెచ్చిన డబ్బా మూత తీశాడు. లోపల జానెడు పాము. మట్టి రంగు ఒళ్ళు, వీపు మీద తెల్లటి వంకీలు, తల మీద బాణం గుర్తులాంటిది. చిన్న పింజర అన్నాడు. కోపమొస్తే ఒంటి పొలుసులు ఒకదానికొకటి రాసుకుంటుందనీ, రంపం లాగినట్టు చప్పుడొస్తుందనీ చెప్పాడు.

కృష్ణమ్మకు సూది మందు ఎక్కుతోంది. గోవిందస్వామి ఆమె మంచం పక్కన ఉన్నాడు. సిద్ధమ్మ వరండాలో నిలబడలేక జయరత్నం గదిలోకి వచ్చింది. కిటికీ పక్కన గాజు సీసాల్లో, జనం చంపి తెచ్చిన పాములూ పురుగులూ మందునీళ్ళల్లో ఉన్నాయి. వాటిలో ఒక నలికిరి కూడా ఉంది. ఆమె దాని వైపు చూపించి, రాళ్ళ మీద తను చూసింది దాన్నేననీ, అది కూడా కరిచి ఉంటుందేమోననీ అడిగింది. అడుగుతున్నప్పుడే తన మాట తనకు ఏహ్యంగా వినబడింది.

"దానికి విషం లేదమ్మా," అన్నాడు జయరత్నం. "నలికిరి కరిసిందని ఏడస్తా వచ్చినోళ్ళను శానామందిని సూసినా. మందు తాగినోళ్ళూ బతికినారు, తాగనోళ్ళూ బతికినారు. సబ్బుతో కడిగి పంపిస్తామంతే."

"ఊసరవెల్లికి?"

"లేదు."

"ఉడుము పిల్లకు?"

"పండ్లు గట్టివి, పుండు పడొచ్చు, సీము పట్టొచ్చు. మనిషిని సంపే విషం లేదు."

ఆమె ఎర్రతొండ గురించి అడిగింది. అది తల ఊపేది ఇంకో తొండను బెదిరించడానికనీ, ఆడదాన్ని పిలవడానికనీ, మనతో దానికి పని లేదనీ చెప్పాడు. పుట్టల్లోని చారల బల్లి గురించీ, ఇంట్లో బల్లి గురించీ అడిగింది. సాంబారులో బల్లి పడితే ఆ సాంబారు పారబొయ్యాల్సిందే, అశుభ్రం కాబట్టి, అంతేగానీ విషమని కాదన్నాడు. మన దిక్కు తిరిగే బల్లుల్లో, తొండల్లో మనిషిని చంపేది ఒకటీ లేదన్నాడు. నలికిరి కన్ను మూసి తెరుస్తుందనీ, చెవి తూట్లు కనిపిస్తాయనీ, పాముకు అవి రెండూ ఉండవనీ సీసా తిప్పి చూపించాడు. కరిచింది ఏదో కళ్ళారా చూడకపోతే మాత్రం గాటు చూసి తేల్చుకుని ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి రావాల్సిందే అన్నాడు.

ఆమె ఎవరో ఆయనకు తెలియదు. పేషెంటు తాలూకు మనిషి, భయపడి అడుగుతోందనుకున్నాడు. మెత్తగా, ఓపికగా చెప్పాడు. తిట్టినా బాగుండేదని సిద్ధమ్మకు అనిపించింది. ఇన్నేళ్ళూ తన చేత బతికామని చేతులెత్తి మొక్కినవాళ్ళంతా కళ్ళ ముందుకొచ్చారు. వాళ్ళల్లో ఒక్కరికి కూడా చావు దగ్గరికి రాలేదు. నిజంగా చావు దగ్గరికొచ్చిన మనిషి ఒక్కతే, ఆమెకు బస్సు తప్పించింది తను. సిద్ధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి, మెట్ల మీద ముఖం గోడ వైపు తిప్పుకుని కూర్చుంది.

కృష్ణమ్మ బతికింది. కానీ చూపుడు వేలూ, దాని పక్క వేలూ నల్లబడి చచ్చిపోతే తీసెయ్యాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చాక ఊరు తనమీద పడుతుందని సిద్ధమ్మ ఎదురుచూసింది. జరిగింది వేరు. పరామర్శకు వచ్చినవాళ్ళు, పింజర కరిచినా ఒక రాత్రంతా మనిషి నిలబడిందంటే అది సిద్ధమ్మ పసరు మహిమే అన్నారు. పెద్దమనిషి చెంగయ్య నలుగురిలో ఆ మాటే అన్నాడు. అన్నిటికంటే వింత, కృష్ణమ్మ కూడా కాదనలేదు. గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అక్క మందు వేసింది కాబట్టి ఆసుపత్రి దాకా పోగలిగానని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. గోవిందస్వామి మాత్రం లేచి బయటికి పోయేవాడు.

సిద్ధమ్మ నోరు తెరవలేదు. తెరవాలని రోజూ అనుకునేది. పేరు తగ్గలేదు సరికదా పెరిగింది, పింజర విషాన్నే ఆపిందని గుర్రంకొండ దాకా పాకింది. ఎవరైనా మందుకు వస్తే ఒంట్లో బాగాలేదని కొందరిని తిప్పిపంపింది. కొందరిని పంపలేకపోయింది. జయరత్నం చెప్పింది శంకరప్పతో కూడా అనలేదు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి ముందు వరసలోనే కూర్చునేది.

డెబ్భై ఎనిమిదిలో పుంగనూరు నుంచి బయ్యమ్మ అనే ఆమె తన కూతురిని తీసుకొచ్చింది. పిల్ల పందిట్లో ఆడుకుంటుంటే నలికిరి కాలు పట్టుకుందట. అందరూ దాన్ని కళ్ళారా చూశారు, కాళ్ళు కూడా చూశారు. కాలి మీద సూదితో గీరినట్టు చిన్న గీతలు తప్ప ఏమీ లేదు. కడిగి పంపాల్సింది. బయ్యమ్మ వాకిట్లో కూలబడి రెండు చేతులూ పట్టుకునేసరికి సిద్ధమ్మ చేతులు వాటంతట అవే నూరురాయి దగ్గరికి పోయాయి. చేదు పసరుకు పిల్ల వాంతి చేసుకుంది. ఇంటికి తీసుకుపోకుండా అక్కడే ఉంచి, నిద్ర పోనివ్వకుండా ముఖాన చన్నీళ్ళు కొడుతూ కూర్చుంది తల్లి. నిద్రకు తల వాలినప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి ఏడ్చేది. సిద్ధమ్మ గడప లోపల గోడకానుకుని ఆ ఏడుపంతా విన్నది. ఇదంతా దండగని ఆ ఇంట్లో తెలిసిన మనిషి తనొక్కతే. తెల్లవారి బయ్యమ్మ పిల్ల చేత సిద్ధమ్మ కాళ్ళకు మొక్కించింది.

ఆ పొద్దు వాళ్ళు అటు పోగానే సిద్ధమ్మ పక్కింటి కొట్టంలోకి పోయింది. కృష్ణమ్మ పొట్టి ఆవు దగ్గర కూర్చుని పాలు పిండుతోంది. ఎడమచేత్తో పిండుతూ కుడిచేత్తో చెంబు పట్టుకుంది, మిగిలిన వేళ్ళకు పట్టు చాలక చెంబు ఒరుగుతోంది. సిద్ధమ్మ గుంజకానుకుని, చెప్పదల్చుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. గరగర చప్పుడు గురించి తనకు అప్పుడే అనుమానం వచ్చిందని కూడా చెప్పింది. ఆ మాట జయరత్నం చెప్పింది కాదు, ఎవరూ కనిపెట్టగలిగిందీ కాదు. అది చెప్పాక అక్కడే కూర్చుండిపోయింది.

కృష్ణమ్మ పిండడం ఆపలేదు.

"నీ మందు పని సెయ్యలేదని నాకు తెలుసక్కా. ఆసుపత్రిలోనే సెప్పినారు. నర్సమ్మ సుహాసిని అంతా ఇడమరిసి సెప్పింది," అంది. ఒరుగుతున్న చెంబు సర్దుకుని మళ్ళీ అంది. "సప్పుడు సంగతి తెలీదు నాకు."

"తెలిసీ యాల అందరికీ నా మందే అని సెప్పినావు?"

"నిన్ను తిట్టిపోస్తే నా సేతి ఏళ్ళు వస్తాయా? నీ అంతట నువ్వే వచ్చి సెప్తావని సూస్తా ఉణ్ణా. ఈ పొద్దు సెప్తావు, రేపు సెప్తావని. రెండేండ్లు పట్టింది నీకు."

కృష్ణమ్మ చెంబు పక్కన పెట్టి లేచింది.

"నాకు సెప్పింది సాలదక్కా. రాత్రంతా ఆ బిడ్డ ఏడుపు నాకూ ఇనపడింది. వాళ్ళకు సెప్పు."

సిద్ధమ్మ ఆ పూటే పుంగనూరు బస్సెక్కింది. బయ్యమ్మ ఇల్లు వెతుక్కుని పోయి, పిల్లకు ఉప్పు వేసి కడుపునిండా పెట్టమనీ, తనిచ్చింది మందు కాదనీ చెప్పింది. బయ్యమ్మకు అర్థం కాలేదు. మందు పనిచెయ్యదేమోనని భయపడి మళ్ళీ ఏడుపందుకుంది. ఆమెకు నచ్చజెప్పేసరికి సాయంత్రమయింది. నిజం చెప్తే గుండె తేలికపడుతుందనుకున్న సిద్ధమ్మకు, అది చెప్పడం కూడా ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

తర్వాత ఊళ్ళో చెప్పింది. చెంగయ్య నమ్మలేదు. చాలామంది, ఏదో మైల తగిలి సిద్ధమ్మ చేతి మహిమ పోయిందనీ, పరువు కోసం అట్లా మాట్లాడుతోందనీ అనుకున్నారు. గుర్రంకొండ దగ్గర ఇంకెవరో మందు ఇస్తారని అటు పోయినవాళ్ళు పోయారు. గరగర చప్పుడు సంగతి విన్నాక కొందరు కృష్ణమ్మ చేతి వైపు చూసి, సిద్ధమ్మను చూసి ముఖం తిప్పుకున్నారు. అది న్యాయమే అనిపించి సిద్ధమ్మ ఆ చూపులకు ఎదురు చెప్పలేదు. శంకరప్ప మాత్రం అంతా విని, మరి నాకు కూడా యాల సెప్పలేదు అని ఒక్కసారి అడిగాడు. ఆ మాట ఆమెను చాన్నాళ్ళు తొలిచింది.

అయినా ఆ ఇంటికి మనుషులు రావడం పూర్తిగా ఆగలేదు. పురుగును చూశారా, ఎట్లుంది, కాళ్ళున్నాయా, ఎంత మందం అని సిద్ధమ్మ అడిగేది. చూడలేదంటే చాలు, వాళ్ళతో పాటు తనే మదనపల్లె బస్సెక్కేది. తొండో నలికిరో అని తేలితే సబ్బుతో కడిగి, మజ్జిగ ఇచ్చి, గుండెదడ తగ్గేదాకా పక్కన కూర్చునేది. కొందరు మందు ఇవ్వలేదని తిట్టి పోయేవాళ్ళు. వణుకుతున్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఒక ఆకు నూరి ఇస్తే వీడి భయమన్నా పోతుంది కదా అని ఆమెకు చాలాసార్లు అనిపించింది. అందుకే నూరురాయిని ఆవు కొట్టంలో పడేయించింది.

కృష్ణమ్మ మాట్లాడేది, కూరా నారా ఇచ్చి పుచ్చుకునేది. వెనకటిలా వెంట మాత్రం తిరగలేదు. పొద్దున పాలు నేను పిండిపెడతానని సిద్ధమ్మ ఒకసారి అడిగితే, నాకు అలవాటయిందిలే అక్కా అంది. సిద్ధమ్మ మళ్ళీ అడగలేదు.

ఎనభై నాలుగులో తమ్ముడు లక్ష్మీపతి కొత్తగా పట్టుపురుగుల షెడ్డు వేసి, పెళ్ళి చేసినంత హడావిడిగా అందరినీ పిలిచాడు. సిద్ధమ్మ కుప్పంలో బస్సు దిగి గుడుపల్లె చేరేసరికి పుట్టింట్లో బంధువులు నిండి ఉన్నారు. లక్ష్మీపతికి అక్క అంటే గర్వం. పుంగనూరు పక్క జరిగిన సంగతులు ఇక్కడికి అందలేదు, అక్కకున్న పాత పేరే అందింది. శాంతిపురం నుంచి వచ్చిన అతని వియ్యంకుడు మల్బరీ తోటలో ఊసరవెల్లిని తాకాడట, చెయ్యంతా మంటగా ఉందంటూ ముఖం తెల్లబోయి కూర్చున్నాడు. పంక్తి ఆగింది. మా అక్క ఉండగా భయమేమి అని లక్ష్మీపతి అందరి ముందూ ఆమెను పిలిచాడు.

సిద్ధమ్మ ఆ మనిషి చెయ్యి చూసింది. గాటు లేదు, గీత లేదు. చొంగలో విషం ఉందని తను ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిందో గుర్తొచ్చింది.

"దాంట్లో విషం లేదప్పా. సెయ్యి కడుక్కోని అన్నం తిను," అంది.

లక్ష్మీపతి నవ్వుతూ, మందు వేసి చెప్పక్కా అన్నాడు. ఆమె అందరికీ వినబడేలా, తనకే మందూ తెలియదనీ, ఇన్నేళ్ళు తనిచ్చింది మందు కాదనీ, దాని వల్ల పక్కింటి ఆడమనిషికి రెండు వేళ్ళు పోయాయనీ చెప్పింది. లక్ష్మీపతి ముఖం నల్లబడింది.

వియ్యంకుడికి నమ్మకం కుదరలేదు. సిద్ధమ్మ తోటలోకి పోయింది, నలుగురూ దూరంగా వెంట వచ్చారు. కొమ్మ మీద ఊసరవెల్లి ఆకుపచ్చగా ఊగుతూ నిలబడి ఉంది, ఒక కన్ను ముందుకు, ఒక కన్ను వెనక్కి తిప్పుతోంది. ఆమె చెయ్యి చాపింది. తెలిసి కూడా ఒకసారి వెనక్కి తీసుకుని మళ్ళీ చాపింది. అది చల్లటి కాళ్ళతో వేలు పట్టుకుని, నిదానంగా మణికట్టు దాకా నడిచింది. అంతే. దాన్ని కొమ్మ మీదికి దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చింది. వియ్యంకుడు కడిగిన చేత్తోనే పంక్తిలో కూర్చున్నాడు, మంట తగ్గిందనలేదు, ఉందనీ అనలేదు.

సాయంత్రం కుప్పం బస్సుకు లక్ష్మీపతి రాలేదు. మరదలు జయమ్మ రోడ్డు దాకా వచ్చి, పదిమందిలో చెప్పకుండా చాటుగా మా ఆయనతో చెప్పి ఉండొచ్చు కదా వదినా అంది. చాటుగా చెప్పింది చాలేట్టయితే బాగుండేదే అన్నది సిద్ధమ్మ. బస్సు వచ్చింది. ఆమె ఆడవాళ్ళ సీట్లలో కిటికీ పక్కన కూర్చుని, తమ్ముడు ఆలస్యంగానైనా వస్తాడేమోనని బస్సు మలుపు తిరిగేదాకా ఆ దారే చూసింది.